ద్రాక్షతోటల దారి: రెండు ప్రారంభోత్సవములు

జర్మనీ దేశమునకు నైరుతి మూలను, ఫ్రాన్సు సరిహద్దు ప్రక్కనే, ష్వైగెన్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెలో రాతితో కట్టిన పెద్ద ద్వారమొకటి ఉన్నది. కోటకు ద్వారముండుట మనమెరుగుదుము. గుడికి గోపురద్వారముండుటయు ఎరుగుదుము. ఇది కోటకు సంబంధించినది కాదు, గుడికి సంబంధించినదియు కాదు. ఒక రహదారికి కట్టిన ద్వారము. దీని పేరు ‘జర్మను ద్రాక్షాసవ ద్వారము’. ఇచ్చట మొదలైన దారి ద్రాక్షతోటల నడుమ ఉత్తరముగా సుమారు 85 కిలోమీటర్లు సాగి బోకెన్‌హైమ్ అను ఊరిలో ముగియును. ద్రాక్షగుత్తి బొమ్మగల పలకలు దారి పొడవున బాటసారికి తోవ చూపుచుండును.

కారులు గలవారు క్లబ్బులుగా ఏర్పడి, రెండు మూడు దినములు కలసి ప్రయాణముచేయు ఆచారము ఐరోపాలో నేటికిని ఉన్నది. అట్టివారికి ఇటువంటి దారులనిన మిక్కిలి ప్రీతి. ఇది పందెము కాదు. ముందు చేరినవారికి బహుమానమేమియు లేదు. ఏ మలుపున ఎటు తిరుగవలెనో, ఎచ్చట భోజనమో, ఎచ్చట రాత్రి బసయో వ్రాసియున్న చిన్న పుస్తకమును ప్రతి కారునకును ఇత్తురు. కారులన్నియు ఒక్కుమ్మడి కదలక, కొంత ఎడముతో ఒకదానివెనుక ఒకటి బయలుదేరును. దారిలో ద్రాక్షాసవము రుచిచూచు ఏర్పాటు ఉండును. కాని చక్రము పట్టినవాడు ఆ సుఖమును సాయంకాలమునకు వాయిదా వేసికొనవలసినదే. రక్తములో మద్యము ఎంతవరకు ఉండవచ్చునో ఆ దేశముల చట్టములు కచ్చితముగా నిర్ణయించినవి.

అట్టి ప్రయాణమునొకదానిని మనమును ఊహలో చేయుదము. ఉత్తరమున బోకెన్‌హైమ్‌లో బయలుదేరి, ష్వైగెన్ వద్ద ఎల్లదాటి, ఫ్రాన్సులోని అల్సాస్ సీమ మీదుగా తాన్ పట్టణము చేరుదము. మొత్తము 300 కిలోమీటర్లకు పైబడిన దారి. వేగముగా పోవు కారునకు ఒక్క పూట పని. మనము మూడు దినములు తీసికొందము. ఏలయన, ఈ దారి అందము కన్నులకు వెంటనే కనబడును గాని, దాని చరిత్ర కొంత నిలిచి అడిగినవారికి మాత్రమే తెలియును.

ఈ ప్రయాణము కారులో చేయుట యందొక ఔచిత్యము కలదు. మోటారుకారు పుట్టిల్లు ఇచ్చటికి దాపుననే. కార్ల్ బెన్జ్ తన మూడు చక్రముల బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరినది రైన్ నదికి ఆవలి గట్టున నున్న మాన్‌హైమ్ నగరములో. ఆ బండి పనికివచ్చునని లోకము నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెన్జ్ తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టినింటికి, నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణముచేసినది. దారిలో ఇంధనమైపోగా వీస్లోఖ్‌లోని మందుల అంగడిలో కొన్నది. ఎత్తులు వచ్చినపుడు దిగి బండిని త్రోయవలసి వచ్చినది. దూరప్రయాణమునకు కారు పనికివచ్చునని నిరూపించినది ఆ ఇల్లాలు. ఏడేండ్లకు, 1895లో, పారిసులో ఫ్రెంచి ఆటోమొబైల్ క్లబ్బు వెలసినది. జర్మనీలో నేడు మిక్కిలి ప్రసిద్ధమైన మోటారు క్లబ్బునకు మూలమైన సంఘము 1903లో స్టుట్‌గార్ట్‌లో ఏర్పడినది.

మొదటి దినము మన కుడిచేతి ప్రక్కన హార్ట్ కొండలు, ఎడమ ప్రక్కన రైన్ మైదానము. ఈ సీమను పలాటినేట్ అందురు. పడమటినుండి వచ్చు మేఘములను కొండలు అడ్డుకొనుటచే తూర్పువాలున వానలు తక్కువ, ఎండ ఎక్కువ. పడమటి కనుమలు మేఘములను ఆపుటచే మన అనంతపురమునకు వాన కొరవడిన విధమే. అయితే అచ్చట మనకు శాపమైనది ఇచ్చట వీరికి వరమైనది. ద్రాక్షకు కావలసినది మితమైన వాన, నిడివియైన ఎండ. అత్తి, బాదము కూడ ఇచ్చట పండును. మార్చి నెలలో బాదము పూచినపుడు కొండ అంచులు గులాబివన్నె దాల్చును. హైదరాబాదు పరిసరములలో అనాబేషాహీ ద్రాక్షను పందిళ్లమీదికి ప్రాకించుట చూచినవారు ఇచ్చటి తోటలను చూచి ఆశ్చర్యపడుదురు. ఇచ్చట పందిరి లేదు. మనిషి ఎత్తున కట్టిన తీగెలవెంట మొక్కలు వరుసలు తీరి, కవాతు చేయు సిపాయిలవలె కొండ ఎక్కుచుండును.

ద్రాక్షను ఇచ్చటికి తెచ్చినవారు రోమనులు. ఈ సీమలోని ష్పైయర్ పట్టణపు చరిత్ర ప్రదర్శనశాలలో ఒక గాజుసీసా ఉన్నది. రోమనుల సమాధిలో 1867లో బయటపడినది. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమునాటి ద్రాక్షాసవము అందులో నేటికిని ద్రవరూపముననే నిలిచియున్నది. మూత తీయని వైన్ సీసాలలో లోకమున ఇదియే మిక్కిలి పాతదని చెప్పుదురు.

మధ్యాహ్నమునకు బాడ్ డ్యుర్క్‌హైమ్ చేరుదుము. ఇచ్చట కొయ్యపీపా ఒకటి ఇంటంత ఎత్తున నిలిచియున్నది. ఫ్రిట్జ్ కెల్లర్ అను పీపాల పనివాడు 1934లో దానిని కట్టినాడు. నింపినచో 17 లక్షల లీటర్లు పట్టును. కాని అందులో వైన్ పోయలేదు, అది భోజనశాల. క్లబ్బువారు అందులో కూర్చుండి భోజనముచేసి, ఛాయాచిత్రములు తీసికొని, నవ్వుకొనుచు బయటకు వత్తురు. మనము మాత్రము ఆ 1934 అను సంవత్సరమును గుర్తుంచుకొందము.

ఇచ్చటినుండి డైడెస్‌హైమ్ మీదుగా నోయ్‌స్టాట్ చేరునప్పటికి, ఎదుట కొండమీద హంబాఖ్ కోట కనబడును. 1832 మే 27న వేలాది జనము ఆ శిథిలదుర్గమునకు ఊరేగింపుగా ఎక్కి, పత్రికాస్వాతంత్ర్యము, ప్రజాప్రభుత్వము, జర్మను ఐక్యత కావలెనని చాటినారు. నేడు జర్మను జాతీయ పతాకములో నున్న నలుపు, ఎరుపు, బంగారు వన్నెల జెండా ఆనాడు ఆ కోటపై ఎగిరినది. ఆ ఊరేగింపులో నల్లని జెండా కూడ ఒకటి ఉండినది. దానిని మోసినవారు ద్రాక్షరైతులు. పలాటినేట్ ఆ కాలమున బవేరియా రాజ్యములో భాగము. పొరుగు రాజ్యములు విధించు సుంకములచే వీరి సరకు అమ్ముడుపోక కొట్లలో నిలిచిపోయినది. స్వాతంత్ర్యోత్సవమునకు సంతాపచిహ్నముతో వచ్చినారు. పండించుట ఒక విద్య, అమ్ముకొనుట మరియొక విద్య. రెండవది చెడినచో మొదటిది ఉండియు కూడు పెట్టదు. ఈ సంగతి వరి, పొగాకు, మిరప పండించిన మన రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

నూరేండ్ల తరువాత ఆ కష్టము మరల వచ్చినది. 1934లోను, 1935లోను పంట విపరీతముగా పండినది. పీపాలు నిండినవి, ధరలు కూలినవి. ప్రకృతి ఇచ్చిన పంట సమృద్ధియే గాని, ఈసారి కష్టములో సగము మనుష్యులు తెచ్చిపెట్టినది. ఈ సీమలో వైన్ వర్తకము చాలవరకు యూదు వర్తకుల చేతిలో నుండెడిది. ఏ పల్లెలో ఏ తోట సరకు ఎట్టిదో, ఏ నగరములో ఎవరు కొందురో తరతరములుగా ఎరిగినవారు వారు. 1933లో నాజీలు అధికారమునకు వచ్చిన నాటినుండి వారి అంగళ్లను బహిష్కరించి, బెదరించి, విపణినుండి వెళ్లగొట్టినారు. అమ్మిపెట్టు చేతులను నరికివేసిన పిమ్మట, సరకు అమ్ముడుపోవుట లేదని చింతించినారు.

అప్పుడు పన్నిన ఉపాయములలో ఒకటి, జర్మను నగరములు ఒక్కొక్కటి ఒక్కొక్క ద్రాక్షగ్రామమును దత్తు తీసికొని దాని సరకు త్రాగవలెనని చేసిన ప్రచారము. రెండవది ఈ దారి. పల్లెకు పల్లెకు నడుమ పూర్వమునుండి ఉన్న బాటలనే ఒక పేరున కూర్చినారు. కొత్తగా కనిపెట్టినది దారిని కాదు, దాని పేరును. కారులు, బస్సులు పెరుగుచున్న ఆ కాలమున, సరకును నగరమునకు మోయుటకు బదులు నగరమునే తోటలకు రప్పించవచ్చునని గ్రహించుట తెలివియైన పనియే. 1935 అక్టోబరు 19న నాజీ పార్టీ ప్రాంతీయ నాయకుడు జోసెఫ్ బ్యుర్కెల్ ఈ దారిని ప్రారంభించినాడు. అలంకరించిన పల్లెల నడుమ కారుల బారు సాగినది. మరుసటి యేట, 1936లో, ష్వైగెన్ రాతిద్వారము లేచినది. నోయ్‌స్టాట్ పట్టణము తన పేరునకు ఈ దారి పేరును చేర్చుకొన్నది.

ఆ కారుల బారులో యూదు వర్తకునకు చోటు లేదు. అది సంబరపు ముఖము. దాని మరియొక ముఖము ఐదేండ్లకు బయటపడినది. 1940 అక్టోబరు 22న, అనగా ప్రారంభోత్సవము జరిగిన ఐదేండ్ల మూడు దినములకు, ఆ బ్యుర్కెలే, పొరుగు బాడెన్ సీమను ఏలుచున్న రోబెర్ట్ వాగ్నర్‌తో కలసి, రెండు సీమలలోను మిగిలిన యూదులను ఇండ్లనుండి లాగి, రైళ్లకెక్కించి, దక్షిణ ఫ్రాన్సులోని గ్యుర్స్ శిబిరమునకు పంపినాడు. వారు 6,500కు పైబడినవారు. వారిలో ముదుసలులు చాలమంది. చలికి, ఆకలికి, రోగములకు అచ్చటనే పెక్కురు మరణించినారు. మిగిలినవారిలో చాలమందిని 1942 మొదలుకొని ఆష్విట్జ్‌కు తరలించి చంపినారు. ద్రాక్షగుత్తి పలకలు దారిపొడవున ఉండనే ఉన్నవి. వాటిక్రింద ఈ సంగతి వ్రాసియుండదు.

రెండవ దినము మనము రాతిద్వారము క్రిందుగా పోయి ఎల్లదాటుదుము. ఇచ్చటొక వింత కలదు. ష్వైగెన్ రైతుల ద్రాక్షతోటలలో చాలభాగము ఫ్రాన్సు గడ్డమీద, విసెంబూర్ పట్టణపు పొలిమేరలో ఉన్నది. రైతు ఇల్లు జర్మనీలో, తోట ఫ్రాన్సులో. ప్రొద్దున విదేశమునకు పోయి కోసిన పండు సాయంకాలమునకు స్వదేశమునకు వచ్చి జర్మను వైన్ అగును. ద్రాక్షవేరునకు సరిహద్దు తెలియదు. మనిషికి మాత్రము అది ప్రాణాంతకముగా తెలిసినది. 1995లో షెంజెన్ ఒప్పందము అమలులోనికి వచ్చి ఇచ్చటి నిత్యతనిఖీలు ఆగిపోయినవి. 2024లో జర్మనీ తన సరిహద్దులలో మరల కొంత తనిఖీ పెట్టినది.

అల్సాస్ సీమ కథ ఈ సరిహద్దు కథయే. 1871లో అది ఫ్రాన్సు చేతినుండి జర్మనీకి పోయినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన 1918లో ఫ్రాన్సునకు తిరిగివచ్చినది. 1940లో హిట్లరు దానిని కలుపుకొన్నాడు. 1945 నాటికి మరల ఫ్రాన్సుదైనది. 1870లో అచ్చట పుట్టి డెబ్బదియైదేండ్లు బ్రదికిన రైతు, తన గడప కదలకయే నాలుగుసార్లు దేశము మారినాడన్నమాట. ప్రతిసారియు చట్టము మారినది, బడిలో పిల్లల భాష మారినది, సరకు అమ్ముకొను సంత మారినది. మారనివి వోజ్ కొండలు, వాటి వాలున తోటలు మాత్రమే.

మూడవ దినము స్ట్రాస్‌బూర్ నగరమునకు పడమట నున్న మార్లెన్‌హైమ్ నుండి దక్షిణముగా సాగుదుము. ఇచ్చటినుండి తాన్ వరకు అల్సాస్ ద్రాక్షాసవ మార్గము సుమారు 170 కిలోమీటర్లు. ఇచ్చటను పడమట నున్న కొండలే వానను ఆపును. కోల్మార్ పట్టణము ఫ్రాన్సులో మిక్కిలి తక్కువ వాన కురియు ఊళ్లలో ఒకటి. రిక్‌వీర్ పట్టణములో 1291లో కట్టిన గోపురద్వారము, కొయ్యదూలములు బయటికి కనబడు పాతయిండ్లు, కిటికీలనిండ పూలకుండలు చూచి ప్రయాణికులు ముగ్ధులగుదురు. యుద్ధమునుండి ఈ పట్టణము చెక్కుచెదరక బయటపడినది.

కాని నాలుగైదు కిలోమీటర్ల లోపున నున్న బెన్‌వీర్ పల్లెలో పాతయిల్లు కనబడుట అరుదు. ఏల? 1944 డిసెంబరునుండి 1945 ఫిబ్రవరి వరకు కోల్మార్ చుట్టును ఘోరయుద్ధము జరిగినది. బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్స్‌హైమ్, అమర్ష్‌వీర్ గ్రామములు ఫిరంగి దెబ్బలకు దాదాపు నేలమట్టమైనవి. సిగోల్స్‌హైమ్ ఎగువ కొండమీద ద్రాక్షతోటల నడుమ ఫ్రెంచి సైనికుల శ్మశానవాటిక ఉన్నది. అందులోని 1,500కు పైబడిన సమాధులలో ఆఫ్రికానుండి వచ్చి పోరాడిన ముస్లిము సైనికులవియు ఉన్నవి. వారిలో ఎందరు ద్రాక్షాసవము రుచి ఎరుగరో! ఈ తోటలకొరకు ప్రాణములిచ్చినారు.

ఆ శిథిలములు పూర్తిగా లేవనెత్తకమునుపే, 1953 మే 30న అల్సాస్ ద్రాక్షాసవ మార్గమును ప్రారంభించినారు. ఇదియు కారులతోనే. ఒక బారు ఉత్తరపు కొస మార్లెన్‌హైమ్ నుండి, మరియొక బారు దక్షిణపు కొస తాన్ నుండి బయలుదేరినవి. పేరు పెట్టి పాతబాటలను కూర్చుట, కారులను పిలుచుట, తోటలకు కొనుగోలుదారుని రప్పించుట, అన్నియు ఎల్ల ఆవలి దారిలో చూచిన పద్ధతులే. కాని వెనుక నున్న కారణము వేరు. అచ్చట ఒక జనమును వెళ్లగొట్టి, ఆ లోటు కనబడకుండ పండుగ చేసినారు. ఇచ్చట ఇల్లు కూలినవారు, తోట తగులబడినవారు, లోకము మరల తమ గుమ్మమునకు రావలెనని పిలిచినారు. పూలకుండలు ఒక్కటే, కారులు ఒక్కటే. పిలుపులోని అర్థము ఒక్కటి కాదు.

దారిలో కైజర్స్‌బర్గ్ అను చిన్న పట్టణము తగులును. ఆఫ్రికాలోని లాంబరెనెలో ఆసుపత్రి కట్టి రోగులకు సేవచేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875 జనవరి 14న ఇచ్చట జన్మించినాడు. అప్పటికి ఈ సీమ జర్మనీది. ఆయన మరణించునాటికి ఫ్రాన్సుది. భారతీయ తత్త్వచింతనపై ఆయన వ్రాసిన గ్రంథము వెలువడినది 1935లో. అనగా ఎల్లకావల నాజీనాయకుడు దారిని ప్రారంభించిన సంవత్సరముననే. 1952వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకు ప్రకటించినది 1953లో. అనగా అల్సాస్ దారి తెరచిన సంవత్సరముననే. తేదీలు ఇట్లు కలియుట కాకతాళీయమే. అయినను, ద్రాక్షతోటల నడుమ పుట్టిన మనుష్యుడు సరిహద్దులకు మించి ఎట్లు ఆలోచింపగలడో తెలుపుటకు అవి జ్ఞాపకముంచుకొనదగినవి.

సాయంకాలమునకు తాన్ చేరి కారులు నిలుపుదుము. మూడు దినములలో చూచినదానిని మరల తలచుకొందము. సుందరమైన దారి ప్రకృతి ఇచ్చినదని అనుకొని బయలుదేరినాము. ప్రకృతి ఇచ్చినది కొండ, ఎండ, నేల. దారి మనుష్యులు చేసినది. రెండు చోట్లను కష్టకాలముననే చేసినారు. కనుక ఈ దారులవెంట పోవువారు వైన్ రుచిని మాత్రమే గాక, ఆ కష్టములో ఎవరిని కలుపుకొన్నారో, ఎవరిని వదలుకొన్నారో అడిగి తెలిసికొనవలెను. అట్లు అడిగినంత మాత్రమున ప్రయాణసుఖము తగ్గదు. తోటలు కోల్పోయిన అందము ఏదియు లేదు. మనకు అబ్బిన జ్ఞానము కొంత ఉన్నది.

ఆ పల్లెలవారు కూడ మరచిపోలేదు. డైడెస్‌హైమ్‌లో యూదుల పాత ప్రార్థనాలయమును బాగుచేసి, సంగీతసభలకు, ప్రసంగములకు తెరచియుంచినారు. నోయ్‌స్టాట్ వీధులలో, తరలింపబడినవారి ఇండ్ల ముంగిట, వారి పేర్లు చెక్కిన చిన్న ఇత్తడి పలకలను నేలలో పొదిగినారు. కారులో పోవువానికి అవి కనబడవు. దిగి నడచి, తలవంచి చూచినవానికే కనబడును.

దిగి నడచుటకు ఆ సీమవారే ఒక దినమును ఏర్పరచినారు. ఆగస్టు నెలలోని చివరి ఆదివారమున, బోకెన్‌హైమ్ నుండి ష్వైగెన్ వరకు ఆ దారిపై మోటారు వాహనములను రానీయరు. కారులకొరకు పేరుపెట్టిన దారి ఆ ఒక్క దినము కాలినడకవారిది, సైకిళ్లవారిది. ముసలివారు, పసివారు దారి నడిమినే నడచిపోవుదురు. మోటారు చప్పుడులేని ఆ ఆదివారము, కారులో పోయిన మనము తొందరలో దాటివచ్చిన గుమ్మములముందు నిలుచుటకు అందరికిని తీరిక దొరకును.